ఇది నానన్న మాట కాదు

గిడుగు రామమూర్తి స్మారక ఉపన్యాసం
పూరీ గేట్, ఖరగ్‌పూర్



నన్ను ఈ సభకు పిలిచినవారు ఫోనులో ఒక మాట అన్నారు. "మాస్టారూ, పిల్లలు కూడా వస్తారు, కాస్త మంచి భాషలో మాట్లాడండి" అని. ఆయన గౌరవంగానే అన్నారు, నేను కూడా అలాగేనండీ అన్నాను. కానీ రైలెక్కిన దగ్గర్నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. మంచి భాష అంటే ఏది? నేను పుట్టి పెరిగిన రైల్వే క్వార్టరు ఇక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఆ క్వార్టర్లో మా అమ్మ మాట్లాడినది మంచి భాషా కాదా? గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు మీద జరిగే సభలో ఈ ప్రశ్న అడక్కుండా తప్పుకుంటే ఆయన పేరు ఎత్తే అర్హత నాకు ఉండదు.

మా చిన్నప్పుడు ఈ పూరీ గేటు పడితే మా నాన్న సైకిలు దిగి, నన్ను ముందు కడ్డీ మీద అలాగే కూర్చోబెట్టి బండి వెళ్లేదాకా నిలబడేవాడు. దక్షిణం వైపు వెళ్లే బండి అయితే ఆఖరి పెట్టె దాటేదాకా చూసేవాడు. ఈ పట్టాలే బాలాసోరు, కటకం, బరంపురం దాటి పలాస మీదుగా శ్రీకాకుళం రోడ్డుకు పోతాయి. పేరుకు ఇది పూరీ గేటు. మా వాళ్లకు మాత్రం ఇది ఊరికి పోయే దారి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ స్టేషనూ వర్క్‌షాపూ కట్టిన తర్వాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల నుంచి కరువుకీ అప్పుకీ వెరచి వచ్చినవాళ్లు ఎందరో. ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా చేరి ఫిట్టర్లై, వాళ్ల పిల్లలు గుమాస్తాలై, మనవలు ఇంజనీర్లయ్యారు. నేను ఆ రెండో మెట్టు మీద వాణ్ణి.

ఇంటికి కొలత ఉన్న ఊరు ఇది. బంగళా, పెద్ద క్వార్టరు, చిన్న క్వార్టరు, లైను ఇల్లు. ఎవరెంతటివాళ్లో గోడలే చెప్పేవి. అలాంటి ఊళ్లో మనిషికి ఇంకో మెట్టు పైన ఉన్నట్టు కనిపించాలనే ఆశ పుడుతుంది. ఆ ఆశను నేను తప్పు పట్టను. దాని వెంట వచ్చే వేషం గురించే ఈ రోజు మాట్లాడదలుచుకున్నాను. డాబు, బడాయి, టెక్కు, సోకు, లేని గొప్ప అని దానికి తెలుగులో ఎన్ని పేర్లున్నాయో చూడండి. ఒక జబ్బుకు ఇన్ని పేర్లు పెట్టిన జాతి ఆ జబ్బుతో చాలాకాలం కాపురం చేసి ఉండాలి.

గర్వం వేరు, బడాయి వేరు. మన స్టేషను ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని, 1072 మీటర్లని మేము చిన్నప్పుడు వచ్చిన ప్రతి చుట్టానికీ అప్పజెప్పేవాళ్లం. అది నిజం, అందుకని అది గర్వం. 2013లో గోరఖ్‌పూర్‌లో 1366 మీటర్ల ప్లాట్‌ఫారం వచ్చింది. ఆ తర్వాత కూడా మనదే పొడవని చెబితే అది బడాయి. తేడా ఇంతే. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుని ఆనందించే మనిషిని చూసి ఎవరూ నవ్వరు.

నా తప్పు ఒకటి చెబుతాను. అప్పటికి నాకు పదమూడేళ్లు. మా లైనులో తెలుగు రాయగలిగిన కుర్రాణ్ణని సాయంత్రాలు నా దగ్గరికి ఉత్తరాలు రాయించుకోవడానికి వచ్చేవారు. పక్క క్వార్టరు ఖలాసీ మావయ్య ఒకరోజు ఇన్‌లాండు కవరు తెచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. టెక్కలి దగ్గర పల్లెలో వాళ్లమ్మ ఉంది. ఆయన చెప్పిన మాటలు నాకు ఇవాళ్టికీ జ్ఞాపకం. "అమ్మా, నీ మోకాలు నొప్పి ఎలాగున్నాది. నానిక్కడ బాగున్నాను. సంకురాత్రికి వొత్తాను. బెంగెట్టుకోకు. దూడని అమ్మీకు." అంతే. అయిదు ముక్కలు.

నేను రాసింది ఇది. "మాతృశ్రీ పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది. ఇచ్చట నేను క్షేమము. తమరి జానుపీడ ఉపశమించినదని తలంచుచున్నాను. మకర సంక్రాంతి పర్వదినమునకు తమ దర్శనము చేసికొనగలవాడను. దూడను విక్రయింపవలదు." రాసి, గొంతు పెద్దది చేసి చదివి వినిపించాను. లోపల మా అమ్మా నాన్నా వింటున్నారని నాకు తెలుసు.

ఆయన తల వంచుకుని కాసేపు ఊరుకున్నాడు. చేతి గోళ్ల సందుల్లో ఆ రోజు గ్రీజు ఇంకా పోలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "బాగుంది బాబూ. గానీ ఇది నానన్న మాట కాదు. పోస్టుమేను సదివితే మాయమ్మ ఇని, ఎవుడి కాయితమో మనింటికొచ్చీసిందంతాది." లేచి వెళ్లి ఇంకో ఇన్‌లాండు తెచ్చాడు. ఈసారి ఆయన అన్నది అన్నట్టు రాశాను. 'బెంగెట్టుకోకు' దగ్గర ఎలా రాయాలో తెలియక ఆగాను. ఆ మాటను నేను ఎప్పుడూ అచ్చులో చూడలేదు. రోజూ వింటున్న మాటకు అక్షరాలు తెలియకపోవడం అదే నాకు మొదటిసారి.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి బతికాను. ఆ రెండో ఇన్‌లాండు కన్నా పెద్ద పాఠం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చెప్పాలి. 'పాదపద్మములకు నమస్కరించి' అని రాయడం దానంతట అది కృతకం కాదు. మా తాతల తరం ఉత్తరాలన్నీ అలాగే మొదలయ్యేవి. అది వాళ్లకు ఆచారం, గుమ్మంలో కాళ్లు కడుక్కుని లోపలికి రావడం లాంటిది. ఆ మాట వెనక నిజంగానే వంగిన తల ఉండేది. నేను రాసినప్పుడు మాత్రం ఆ మాట వెనక ఉన్నది లోపలి గదిలో వింటున్న మా నాన్న మెప్పు. ఉత్తరం ఒక తల్లికి వెళ్లాలి, నేను రాసింది ఇంకొకరి చెవి కోసం. మాట చేరవలసిన మనిషిని వదిలి చూస్తున్న మనిషి వైపు తిరిగితే ఆ మాట బోలుదవుతుంది. నడతలోనైనా, పాటలోనైనా, రాతలోనైనా నేను వేషమనేది దీన్నే.

గిడుగు రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు, అక్కడ గురజాడ అప్పారావుగారు ఆయన తోటి విద్యార్థి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ పర్లాకిమిడికి 1900లో నౌపడా నుంచి చిన్న రైలు పడింది. తర్వాత ఆ చిన్న రైలు కూడా మన బీఎన్‌ఆర్ చేతికే వచ్చింది. కాబట్టి ఆయన ఊరికి దారి ఈ గేటు ముందు నుంచే పోతుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆయన వ్యావహారిక భాష కోసం పోరాడారని పిల్లలకు పాఠాల్లో చెబుతున్నాం. అంతకుముందు ఆయన చేసిన పని నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. పర్లాకిమిడి చుట్టూ కొండల మీద ఉన్న సవరల మాట నేర్చుకోవాలని ఆయన నిశ్చయించుకున్నారు. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకుని ఒక్కొక్క మాటా నేర్చుకున్నారు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. ఆ జ్వరానికి మింగిన క్వినైను వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. సవర పిల్లలకు బళ్లు పెట్టించి వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. రెండోది వచ్చేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

మనిషి నోట్లో మాట ఎలా పలుకుతుందో అదే భాష అని జీవితమంతా చెప్పిన మనిషి వినికిడి పోగొట్టుకున్నాడు. నాకు ఈ సంగతి తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. చెవులు సరిగ్గా ఉన్న మనమంతా పక్కింటివాడి మాట వినిపించుకోవడం లేదు.

మొదట ఆయన మనసులో ఉద్యమమేమీ లేదు. ఉత్తర జిల్లాల బళ్లకు తనిఖీ అధికారిగా వచ్చిన యేట్స్ దొరకు ఒక సందేహం వచ్చింది. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగొకటి, బళ్లో చదివే తెలుగొకటి ఎందుకుంది? దాన్ని గిడుగువారి ముందు పెట్టారు. పరాయి దేశస్థుడికి కనిపించినది మనకు కనిపించలేదు. అలవాటైన వేషం వేషంలా కనిపించదు కదా. అక్కడి నుంచి గిడుగువారు, గురజాడవారు ఒక పక్క, గ్రాంథికమే ఉండాలన్న జయంతి రామయ్య పంతులుగారి వంటి పండితులు ఒక పక్క. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడవారు తమ అసమ్మతి పత్రం రాశారు, ఆ మరుసటి ఏడాదే కన్నుమూశారు. 1919లో వ్యావహారిక భాష కోసం సమాజం పెట్టినప్పుడు వృద్ధుడైన కందుకూరి వీరేశలింగంగారు దానికి అధ్యక్షులయ్యారు. తాను అంతకాలం రాసిన పద్ధతి మార్చుకోవాలని పెద్ద వయసులో ఒప్పుకోవడానికి ఎంత మంచితనం కావాలో ఆలోచించండి.

గిడుగువారి వాదన ఎంత సూటిదో చూడండి. మీరు గ్రాంథికం రాయాలంటున్నారు సరే, మీరు రాసిన దాంట్లో ఎన్ని తప్పులున్నాయో ఇవిగో అని పండితుల పుస్తకాల్లోంచే ఏరి ముందు పెట్టారు. గ్రాంథికాన్ని ఆయన వెక్కిరించలేదు. ఆ పాత కావ్యాలు ఆయనకు చేతి రేఖల్లా తెలుసు. తెలుసు గనకే, అది ఇప్పుడు బతికున్నవాళ్ల నోటికి సరిపోని చొక్కా అని చెప్పగలిగారు. సరిపోని చొక్కా తొడుక్కున్నవాడు రోజంతా గుండీలు పట్టుకునే ఉంటాడు, పనికి చెయ్యి ఖాళీ ఉండదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టని మన పెద్దలన్నారు. ఆ సామెతలో నక్క నవ్వులపాలు కావడం అందరికీ గుర్తుంటుంది, నక్కకు ఒళ్లు కాలిందన్న సంగతి మాత్రం ఎవరూ అనుకోరు. తన భాష తక్కువదని నమ్మి బళ్లో నోరు మూసుకున్న పిల్ల సంగతి నాకు తెలుసు, ఆ వాత ఎలాంటిదో తెలుసు.

వేషం ఎప్పుడూ ఒక్క బట్టే కట్టదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన గురజాడవారి కన్యాశుల్కంలో గిరీశం కట్టింది ఇంగ్లీషు బట్ట. ఆ నాటకంలో ఒక చిన్న ఘట్టం మీద నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. పరీక్ష తప్పిన వెంకటేశం తన గురువు గిరీశాన్ని వెంటబెట్టుకుని ఇంటికొస్తాడు. తల్లి వెంకమ్మ, మీరిద్దరూ ఒక్కసారి ఇంగిలీషులో మాట్లాడుకోండి, వింటానని అడుగుతుంది. వాళ్లు బళ్లో బట్టీ పట్టిన ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఒకడి మాటకూ రెండోవాడి మాటకూ పొత్తు లేదు. తల్లి మురిసిపోతుంది. క్లాసులో పిల్లలు ఇక్కడ పగలబడి నవ్వుతారు, నవ్వాలి కూడా. నాకు మాత్రం ఏటేటా ఆ తల్లి మొహమే కనిపించేది. కొడుకు మాట అర్థం కాకపోవడమే అతని గొప్ప అని ఆమె నమ్మింది. ఆ నమ్మకం ఆమెకు ఎవరు నేర్పారు? అర్థం కానిదే ఘనమైనదని మంత్రం దగ్గర్నుంచి తాఖీదు దాకా ఆమె వింటూ వచ్చింది. గిరీశం దాన్ని వాడుకున్నాడు.

ఇంగ్లీషు మాట వాడటం వేషమని నేననను. మా నాన్న డ్యూటీ అన్నాడు, ఫిట్టరన్నాడు, బ్రేక్‌వ్యాను అన్నాడు. ఆ వస్తువులు ఆ మాటలతోనే వచ్చాయి. బెంగాలీ పొరుగువాళ్లతో కలిసి మనం వీధిని పాడా అన్నాం, సెలవుని ఛుట్టీ అన్నాం. అవసరానికి తెచ్చుకున్న మాట ఇంట్లో మనిషి అయిపోతుంది. ఇంట్లో 'అమ్మా' అని పిలిచే పిల్లవాణ్ణి నలుగురి ముందు అలా పిలవొద్దని కళ్లతో అదిలించడం, అదీ వేషం.

కళ దగ్గరికి వస్తాను. దసరా రోజుల్లో ఇక్కడ తెలుగువాళ్లు పందిరి వేసి పద్యనాటకాలు ఆడేవారు. వర్క్‌షాపులో సుత్తి పట్టిన చేతులే రాత్రికి కిరీటం సర్దుకునేవి. ఒకసారి హరిశ్చంద్ర ఆడుతున్నారు. కాటి సీను. చంద్రమతి వేషం వేసినాయన కొడుకు శవం ముందు పద్యం ఎత్తుకుని రాగం తీశాడు, తీశాడు, హార్మోనియం ఆయన వెంట పరిగెత్తింది. ముందు వరసలోంచి వన్స్‌మోర్. మళ్లీ అదే పద్యం, ఈసారి రాగం ఇంకా పొడుగు. పడుకున్న కుర్రాడికి దోమ కుట్టి కాలు కదిపాడు. అప్పుడు ఆ నటుడు పాట ఆపేసి, వంగి, జారిన పంచె అంచు లాగి కుర్రాడి పాదాలు కప్పాడు. మాట లేదు, పద్యం లేదు. ఆడవాళ్ల వైపు ఏడుపు వినిపించింది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నటుడు కుర్రాడి కదలికను దాచడానికే అలా చేశాడో, లేక నిజంగానే తల్లి అయిపోయాడో నేను చెప్పలేను. అంతసేపు ముందు వరస కోసం పాడినవాడు ఆ ఒక్క క్షణం కొడుకు వైపు తిరిగాడు. అది చాలింది.

రాగం తప్పని కాదు నేను చెబుతున్నది. పద్యం మన నాటకానికి ప్రాణం. బళ్లారి రాఘవగారు ఆ రోజుల్లోనే ఈ మాట పట్టుకున్నారు. వృత్తికి ప్లీడరు, ప్రాణం నాటకం. భావం ఎక్కడ ఆగితే పాట అక్కడ ఆగాలని, పద్యాన్ని సాగదీసి పాడటం నటన కాదని ఆయన ఆడి చూపించారు. చప్పట్లు అలవాటైన రంగస్థలం మీద చప్పట్లు వదులుకోవడానికి సిద్ధపడ్డ మనిషి ఆయన. రాతలో అలాంటివాడు విజయనగరం చాసో. ఆయన కథలో ఒక వాక్యం తీసేద్దామని కూర్చుంటే ఏది తియ్యాలో తోచదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, గిడుగువారిని ప్రేమించేవాడిగానే చెబుతున్నాను. ఆయన కోరినది శిష్ట వ్యావహారికం, చదువుకున్నవాళ్లు మాట్లాడుకునే తెలుగు. అది గెలిచింది. గెలిచిన తర్వాత ఆ చదువుకున్నవాళ్ల తెలుగంటే కృష్ణా గోదావరి జిల్లాల తెలుగని స్థిరపడింది. గిడుగువారి సొంత సీమ మాట, మన శ్రీకాకుళం మాట, పుస్తకాల గుమ్మం బయటే మిగిలింది. సినిమాల్లో అది వంటవాడికీ, పనిమనిషికీ, నవ్వించేవాడికీ దక్కింది. తెలంగాణ వాళ్లు ఇదే బాధ పడ్డారు, పట్టుబట్టి నిలబడ్డారు. కవి కాళోజీ పుట్టిన రోజు సెప్టెంబరు 9 ఇప్పుడు వాళ్లకు భాషా దినోత్సవం. మనవాళ్లలో రావిశాస్త్రి, కారా వంటివాళ్లు ఆ మాటకు కథలో పీట వేశారు.

ఈమధ్య దీనికి ఎదురు వేషం కూడా మొదలైంది. ఆ యాస ఇంట్లో లేనివాళ్లు వేదిక ఎక్కి 'ఏటి, బేగి, నేదు' అని నాలుగు మాటలు చల్లి మట్టి వాసన అనిపించుకుంటున్నారు. అది కూడా అరువు చొక్కానే. మా అమ్మ 'బేగి రా' అన్నప్పుడు దానిలో అన్నం చల్లారిపోతోందన్న తొందర ఉండేది. ఆ తొందర లేకుండా ఆ మాట తెచ్చుకుంటే దాన్ని ఏం చేసుకుంటాం?

1940 జనవరి 15న గిడుగువారు పత్రికల వాళ్లకు చివరి విన్నపం చేశారు, జనం భాషలో రాయమని. వారం తర్వాత, 22న, వెళ్లిపోయారు. ఆయన కోరినది పత్రికలు చేశాయి. ఇప్పుడు మన వంతు ఒకటి వచ్చింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు ఎంతకాలం అడిగితే వచ్చిందో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. రేపు బోర్డులు రాస్తాం, ఫారాలు రాస్తాం, నోటీసులు రాస్తాం. వాటిలో ఏ తెలుగు ఉంటుంది? నేను పదమూడేళ్లప్పుడు మొదటి ఇన్‌లాండులో రాసిన తెలుగా, రెండో దాంట్లో రాసిందా?

నాకు తోచిన పని ఒకటుంది. ఏ నోటీసైనా, ఏ ఆహ్వానమైనా అచ్చుకు ఇచ్చే ముందు మీ ఇంట్లో అందరికన్నా పెద్ద ఆవిడకు ఒకసారి చదివి వినిపించండి. ఆవిడ 'ఏటన్నావు?' అని అడిగిన చోట మాట మార్చండి. అలాగే ఈ రాత్రి ఇంటికెళ్లాక ఆవిడ పక్కన కూర్చుని, ఊళ్లో వంటకీ పొలానికీ దెబ్బకీ జ్వరానికీ ఏమేం మాటలు అనేవాళ్లో పది చెప్పించుకుని, ఆవిడ పలికినట్టే ఒక నోటు పుస్తకంలో రాయండి. దిద్దకండి. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో తెలుగు కథల కోసం కథానిలయం పెట్టారు. మన మాటల కోసం ఇక్కడ ఒక నోటు పుస్తకం పెట్టడానికి ఇల్లు కూడా అక్కర్లేదు.

మా అమ్మను అడగడానికి నాకు ఇక వీల్లేదు. మీ ఇళ్లలో ఇంకా ఉన్నారు. బేగి వెళ్లి అడగండి.